రూతమ్మ టీచరు అట్ట పిరమిడ్

మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది. పొద్దున్నే మేస్త్రీ ఇటుకల గుట్ట మీద పైపుతో నీళ్ళు కొడతాడు. ఎండకు కాగిన ఇటుక ఆ నీళ్ళను చుయ్యిమని తాగేస్తుంది. వెంటనే తొలకరి వాసన లాంటిది లేచి నాలుగో అంతస్తులోని మా వంటింటి దాకా వస్తుంది. ఈ కలకత్తా సాల్ట్ లేక్‌లో మిగతావాళ్ళకు ఆ వాసనతో వాన గుర్తుకొస్తుందేమో కానీ, నాకు ఈజిప్టు గుర్తుకొస్తుంది. దాంతోపాటు హౌరా పక్కనున్న లిలువా రైల్వే కాలనీలో మా వెనక వరసలో ఉండిన రూతమ్మ టీచరు గుర్తుకొస్తుంది. ఈ మాట చెబితే మా వారు నవ్వుతారు. నవ్వనీ, ఆయన ఆవిడను చూడలేదు కదా.

టీచరుగారు పొట్టి మనిషి, అంగలు మాత్రం పెద్దవి. భీమిలి దగ్గర పల్లెలో పంతులమ్మగా చేసి, పెళ్ళయ్యాక వర్క్‌షాపు ఫిట్టరైన భర్త వెంట లిలువా వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికే ఆయన లేరు. కొడుక్కి అదే వర్క్‌షాపులో పని దొరికింది. ఆదివారాలు మా తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలందరికీ ఆవిడే టీచరు. మిగతా రోజులు మా ముగ్గురికి, అంటే నాకూ, నాకన్నా ఏడాది పెద్దవాడైన మా అన్న దానియేలుకూ, ఎదురింటి గ్రేసుకూ బడి అంటే ఆవిడ వరండానే. అదెలా వచ్చిందంటే, కాలనీలో తెలుగు బడి ఏడో తరగతితో ఆగిపోయేది. ఆ పైన హిందీ బడిలో చేరి, ఏడాది తిరిగేసరికి ముగ్గురం ఒకేసారి తప్పి, ఒకేసారి ఏడ్చాం. అప్పుడావిడ మా ఇంటికొచ్చి నాన్నతో, "పిల్లల్ని నాకొగ్గీ బాబూ. ఇంటికాడే చెప్తాను. పదో తరగతి మనూరెళ్ళి ప్రైవేటుగా రాస్తారు" అంది.

నాన్న వర్క్‌షాపులో ఖలాసీల మేస్త్రీ. రైలు పెట్టెలను ఎత్తి దించే ముఠాకు పెద్ద. సంఘంలోనూ పెద్దే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. "సరే, ఒక ఏడాది చూద్దాం. ఏటైనా తేడా వస్తే దీన్ని కుట్టుపనికి పెట్టేస్తాను" అని నన్ను చూపించాడు. అన్న సంగతి ఎత్తలేదు. ఆగితే ముందు ఆగేది నా చదువేనని ఆ రోజే అర్థమైంది. అప్పట్నుంచీ నాకు అదే బెంగ.

మా సంఘంలో ఏటా బాలల ఆదివారం జరిగేది. ఆ రోజు పిల్లలం బైబిల్లోని ఐగుప్తు దాస్యం కథ, అంటే ఈజిప్టులో ఇశ్రాయేలీయులు బానిసలుగా ఇటుకలు చేసిన కథ, ఆడేవాళ్ళం. మా వెనక వేదిక మీద టీచరుగారు చేసిన పిరమిడ్ నిలబడేది. వెదురు తడికల మీద అట్టలు కుట్టి, ఒక్కొక్క ఇటుకా ఎర్రరంగుతో గీసి, మనిషెత్తు చేసిందావిడ. వెదుళ్ళు కట్టింది నాన్న. ఖలాసీ ముడులు, ఏనుగు లాగినా ఊడవు. దాస్యంలో ఉన్న ఇశ్రాయేలీయులే ఆ ఇటుకలు చేసి పిరమిడ్లు కట్టారని మాకు తెలుసు. తెలుసంటే, టీచరుగారు చెప్పారు కాబట్టి తెలుసు. నేను నాలుగేళ్ళు వరసగా ఇటుకలు మోసే పిల్లను. ఐదో ఏడు, మాకు పద్నాలుగు పదిహేనేళ్ళప్పుడు, పాత రంగు మీద కొత్త రంగు వేస్తూ ఊరికే అడిగాను.

"టీచర్, ఇంత పెద్దది కట్టినప్పుడు నాలుగు మూలలూ సరిగ్గా ఎలా కుదిరాయి? వాళ్ళకు మూలమట్టం ఉండేదా?"

ఆవిడ కుంచె పక్కన పెట్టింది. "నాకు తెలీదే ఎస్తేరు" అంది. ఆ మాట అన్న మనిషి ముఖం చిన్నబోవాలి కదా, ఈవిడ ముఖం వెలిగిపోయింది. "తెలీకపోతే ఏటి, ఎతుకుదాం. రేపు కాలేజీ స్ట్రీట్ ఎళ్దాం, తయారుగా ఉండండి."

అలా మొదలైన వెతుకులాట రెండు నెలలు సాగింది. వారానికొకసారి లోకల్ రైల్లో హౌరా వెళ్ళి, ట్రాములో వంతెన దాటి, పుస్తకాల వీధిలో దిగేవాళ్ళం. కాలికి బలపం కట్టుకుని తిరగడమంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. ఈజిప్టు పుస్తకాలకు కరువేం లేదు. పసిపిల్లలకు ఒంటె బొమ్మ, దాని కింద రెండు లైన్లు. పండితులకు దిండంత లావు, సగం పేజీ అడుగు సూచికలే. మధ్యలో మా ఈడువాళ్ళకు ఉన్నవల్లా సమాధి తెరిచినవాడు రక్తం కక్కుకుని చచ్చాడనే రకం. వాళ్ళు లెక్క ఎలా వేశారు, కాలం ఎలా కొలిచారు, రాయి ఎలా జరిపారు అని రాసినవాడు కనబడలేదు. పుస్తకాలమ్మే దాదా, అంటే అన్నగారు, ఒకాయన శాపాల పుస్తకాన్నే మా చేతిలో పెడుతూ, "నియే జాన్ దిదిమణి, ఖూబ్ భాలో బొయ్" అని, అంటే తీసుకెళ్ళండి టీచరమ్మా, చాలా మంచి పుస్తకమని, ప్రతివారం పొగిడేవాడు. అది ఖూబ్ భాలోనేనని నా అభిప్రాయం కూడా. దొంగచాటుగా సగం చదివేశాను.

టీచరుగారు మాత్రం లొంగలేదు. పుస్తకం ఏదైనా సరే, నడిమి పేజీ తెరిచి మాలో ఒకరి చేత చదివించేది. ఇంగ్లీషు ముక్కలు మాకు కొరుకుడు పడకపోతే తనే విడదీసి చెప్పేది. పేజీ అయ్యాక ఒకటే ప్రశ్న. "ఈ సంగతి ఆయనకెలా తెలిసిందో రాసాడా?" రాయలేదంటే పుస్తకం వెనక్కి. మొదట్లో మాకు విసుగొచ్చేది. నాలుగోసారికి ఆవిడకన్నా ముందు మేమే, "రాయలేదు టీచర్!" అని అరవడం మొదలుపెట్టాం. దాదాలు చెవులు మూసుకునేవారు.

ఎనిమిదోసారి వెళ్ళినప్పుడు ఎర్రజెండాల మిఛిల్ అడ్డం వచ్చి ట్రాము ఆగిపోయింది. ఊరేగింపు పక్కనే నడుచుకుంటూ, పైన వాన పడుతుంటే చేరాం. శాపాల దాదా మమ్మల్ని దూరం నుంచే చూసి, "ఈజిప్ట్ దిదిమణి! ఆషున్, ఆషున్!" అని రమ్మంటూ చెయ్యి ఊపాడు. టార్పాలిన్ పట్టా కింది నుంచి అట్టలేని, మొదటి పేజీలు ఊడిపోయిన సన్నటి పుస్తకం తీశాడు. గ్రేసు నడిమి పేజీ చదివింది. పొలాలు, గుళ్ళు కొలవడానికి తాళ్ళు లాగేవాళ్ళు ఉండేవారట, గోడల మీద బొమ్మలున్నాయట. పన్నెండు ముడుల తాడుతో మూల మట్టం చేసేవారని చాలామంది చెబుతారు కానీ, దానికి ఆధారం ఇంకా దొరకలేదు, మనకు తెలియదు అని రాసి ఉంది. టీచరుగారు పుస్తకం లాక్కుని ఆ వాక్యం మళ్ళీ తనే చదువుకుంది. నడివీధిలో, గొడుగు పక్కకు పడిపోతున్నా చూసుకోకుండా, "తెలీదని రాసాడర్రా! తెలీదని రాసాడు!" అని గట్టిగా అరిచింది. నిధి దొరికినవాళ్ళు కూడా అంత గట్టిగా అరవరు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. మాకు సిగ్గు వెయ్యలేదు, మేమూ గంతులేశాం.

ఆ తర్వాతి రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు ఉప్పొంగుతుంది. తాడుకు సమానంగా పన్నెండు భాగాలు చేసి, మూడు, నాలుగు, ఐదుగా లాగి పట్టుకున్నాం. మూల కుదిరింది! అన్న పరుగున వెళ్ళి నాన్న మూలమట్టం తెచ్చి పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకోరోజు నీటి గడియారం. పాలడబ్బాకు అడుగున చిల్లి పెట్టి, సాయంత్రం కరెంటు పోయినప్పుడల్లా ఎంతసేపు పోయిందో కొలిచాం. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు జోరుగా కారి, తగ్గేకొద్దీ నసుగుతాయి, గీతలు కుదరవు. పుస్తకం తిరగేస్తే, అందుకే వాళ్ళు పైన వెడల్పు, కింద ఇరుకు ఉండే కుండ చేశారని ఉంది. టీచరుగారు క్షణం ఆలోచించకుండా ఇంట్లో ఉన్న ఒక్క బకెట్‌కీ చిల్లి పెట్టేసింది. కోడలు ఏమందో రాయను.

తీగ లాగితే డొంక కదిలినట్టు, అదే పుస్తకంలో ఒక మధ్యాహ్నం అసలు పేజీ తగిలింది. ఆ వేళ చదువుతున్నది అన్న. పెద్ద పిరమిడ్లు రాతివి. ఏ గనిలోని రాయో, దాన్ని ఏ పడవలో తెచ్చారో, ఎలా తెలిసిందో, అన్నీ రాశాడు. ఇశ్రాయేలీయుల దాస్యం జరిగిందని చెప్పే కాలానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే అవి కట్టి ఉన్నాయి. అన్న చదవడం ఆపి, "మరి మన ఇటుకలు, టీచర్?" అన్నాడు.

ఆవిడ లోపలికెళ్ళి వాక్యం, అంటే తన బైబిలు, తెచ్చుకుంది. ఆ భాగమంతా వేలు పెట్టి మూడుసార్లు చదివింది. "ఇటుకలున్నాయి. ధాన్యపు కొట్లున్న పట్టణాలున్నాయి. పిరమిడ్ అన్న మాట ఎక్కడా లేదు" అంది. బైబిలు మూసి, "నానే చేర్చాను" అంది.

నా నోట్లో నువ్వు గింజ నానదు. ఆ పూటే అన్నాల దగ్గర చెప్పేశాను. నాన్న కంచం పక్కకు నెట్టాడు. "ఆ పిరమిడ్ నా సేత్తో కట్టినాను. ఇరవయ్యేళ్ళుగా సంఘమంతా సూస్తన్నాది. ఇప్పుడేటి, మనం సెప్పిందంతా అబద్ధమా? ఆవిడ గానీ గుడిలో ఆ మాటంటే, నీ సదువు ఆ రోజుతో సరి!"

బాలల ఆదివారానికి ఇంకా రెండు వారాలే ఉంది. మర్నాడు నేను టీచరుగారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "చెప్పకండి టీచర్. ఎవరూ అడగరు కదా. ఈ ఏటికి పిరమిడ్ అలాగే పెట్టేయండి. మా నాన్న నన్ను మానిపించేస్తాడు."

ఆవిడ నా తల నిమిరింది. "నీ చదువాగితే ఆ ఉసురు నాకు తగులుతాదే ఎస్తేరు" అంది.

"అందుకే చెప్పకండి."

"చెప్పకపోతే మరి నువ్వు నా దగ్గర చదివి ఏటి లాభం?"

ఆ రాత్రి ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. సత్యం ఆవిడది, కుట్టుమిషను నాదా అనుకున్నాను.

బాలల ఆదివారం నాడు వేదిక మీద పిరమిడ్ లేదు. ఆట మొదలుపెట్టే ముందు ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. "ఇరవై ఏళ్ళుగా ఈ గదిలో మీ పిల్లలకు నేను ఒక తప్పు నేర్పాను. మన ఇటుకలతో పిరమిడ్లు కట్టారని చెప్పాను. అవి రాతివి, ఎంతో పాతవి. వాక్యంలో లేని మాట నేను చేర్చాను, నన్ను క్షమించండి. పిల్లలారా, ఇంట్లో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పి ఉంటే, వెళ్ళి దిద్దండి" అంది. అంతే. వచ్చి మా బల్ల మీద నా పక్కన కూర్చుంది.

సంఘం గుసగుసలాడింది. పుస్తకాలు చదివి మతి పోయిందన్నారు. ఆ ఏడాదికి ఆదివారపు బడి ఇంకొకరికి అప్పగించారు. గ్రేసును వాళ్ళ అమ్మ మానిపించేసింది. గ్రేసు మళ్ళీ రాలేదు, ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నాన్న మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. నేను పుస్తకాల సంచీ ముట్టుకోలేదు. నాలుగోనాటి సాయంత్రం టీ తాగుతూ, గోడవైపు చూస్తూ అడిగాడు.

"ఆ రాయి ఒక్కోటి ఎంత బరువుంటాదట?"

"రెండు టన్నుల పైనే నాన్నా."

"క్రేనుందేటి ఆల్లకి?"

"లేదు."

"కప్పీ?"

"అదీ అప్పటికి లేదట."

నాన్న గ్లాసు కింద పెట్టేశాడు. ముప్ఫయ్యేళ్ళు బరువులెత్తిన మనిషి. "మరెలా ఎత్తినారే?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. ఇక ఆగలేదు. చొక్కా తొడుక్కుని, "పద" అన్నాడు. పావుగంటలో టీచరుగారి వరండాలో ఇద్దరూ ఆ పుస్తకం మీదికి ఒంగి ఉన్నారు. పెద్ద విగ్రహాన్ని చక్రాల్లేని చెక్కబండి మీద లాగుతున్న బొమ్మ అది. బండి ముందు ఒకడు నేల మీద ఏదో పోస్తున్నాడు.

"నీళ్ళు! ఇసక తడుపుతున్నాడు. తడి ఇసకైతే బండి కూరుకుపోదు" అన్నాడు నాన్న.

"అది పూజేమోనని కొందరంటారట. ఎందుకో తేలలేదని రాసాడు" అంది టీచరుగారు.

"ఆయనకి తెలీదు, నాకు తెలుసు!"

"అయితే చూపించు బాబూ."

ఆ వచ్చే సెలవునాడు నాన్న తన ముఠా ఖలాసీలిద్దరిని పిలిచి, పలక మీద ఇనుప దిమ్మలు పెట్టి, పొడి ఇసక మీద ఒకసారి, తడి ఇసక మీద ఒకసారి లాగించాడు. తడి మీద పలక తేలిగ్గా కదిలేసరికి కాలనీ అంతా వినబడేలా "హయ్యా!" అని అరిచాడు. వాళ్ళు అందుకే పోశారని దీంతో తేలదని టీచరుగారు అంటూనే ఉంది. నాన్న వినలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "పిల్ల రేపట్నుంచి వస్తాది" అన్నాడు.

పదో తరగతి గట్టెక్కాను. ఆ పైన ఇంకా చదివి, ఇక్కడే ఒక బడిలో సైన్సు టీచరునయ్యాను. పోయిన ఏడు ఎనిమిదో తరగతిలో గంట కొట్టే తొందరలో, చంద్రకళలు భూమి నీడ వల్ల వస్తాయని చెప్పేశాను. అది గ్రహణం సంగతి. ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది. మర్నాడు మెల్లగా సర్దేయొచ్చు, ఎవరూ కనిపెట్టరు. క్లాసులోకి వెళ్ళి, హాజరు పిలవకముందే, "నిన్న నేను చెప్పింది తప్పు" అన్నాను. నా కాళ్ళు వణికాయి. ఆ వణుకు చూసి నాకు సిగ్గు వెయ్యలేదు. భయం లేని మనిషి కాబట్టే ఆ రోజు రూతమ్మ టీచరు అంత మాట అనగలిగిందని మా సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళు దూరం నుంచి చూశారు. నేను పక్కన కూర్చున్నాను. బల్ల మీద నా మోకాలికి తగిలిన ఆవిడ మోకాలు, ప్రార్థన ముగిసేదాకా వణుకుతూనే ఉంది.