టవల్‌లో చుట్టిన స్పీకర్

దయ్యాలను నేను నమ్మను. నేను పుట్టింది సోలాపూర్‌లో, పెరిగింది పవర్‌లూమ్‌ల మోతలో. ఇక్కడ పక్కింటివాళ్లు పిలిచినా వినబడదు. దయ్యం వచ్చినా అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వెళ్లిపోవాలి. ఇది రాస్తున్నప్పుడు కూడా నా అభిప్రాయం అదే.

మా తాత అశోక్ చౌక్ దగ్గరి కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు, సాయంత్రాలు భజనలు పాడేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ గొంతు మాకు మిగిలింది ఒక్క మెమరీ కార్డులోనే, నాలుగు భజనలుగా. నకలు తీయాలని నేను అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. నాయనమ్మ రోజూ బీడీలు చుడుతూ అరచేతంత స్పీకర్‌లో అవే వింటుంది.

ఒక సుట్టీ రోజు, మగ్గాలన్నీ ఆగిన మధ్యాహ్నం, ఆమె చుట్టిన బీడీలు కంపెనీలో అప్పగించడానికి బయల్దేరుతూ స్పీకర్ నా చేతిలో పెట్టింది. "దీంట్ల దమ్ము లేదు, ఛార్జింగ్ పెట్టురా."

దాని ఛార్జర్ కనబడలేదు. నా ఫోన్ ఫాస్ట్ ఛార్జర్ ఉంది. ఫోన్‌తో వచ్చినది పాడైతే ఫుట్‌పాత్ మీద కొన్న పేరులేని సరుకు అది. పావుగంటలో నిండితే పుణ్యం నాదే అనుకుని తగిలించాను. మా వీధిలో ఒక అలవాటుంది. నూలు దుమ్ము చొరబడకుండా రిమోట్ నుంచి మిక్సీ దాకా ప్రతిదానికీ టవల్ కప్పుతాం. స్పీకర్‌ను పసిబిడ్డలా టవల్‌లో చుట్టి, లోపలి గదిలో బీడీ ఆకు కట్టల పక్కన పెట్టి, ముందు గదిలో నడుం వాల్చాను.

"పోగు తెగింది, బంద్ చెయ్."

తాత గొంతు. మగ్గం ఆపమని, ఆ మోతను దాటేలా కార్ఖానాలో సాగదీసి వేసే కేక. బతికున్నప్పుడు అది వినబడితే ఎవరి పని అక్కడే ఆగేది. నా కాళ్లు నన్ను అడగకుండానే లేచాయి.

లోపల టవల్ మీద గోధుమరంగు మచ్చ పెద్దదవుతోంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పట్కారుతో స్పీకర్‌ను వాకిట్లో బండ మీద పడేశాను. అడుగుభాగం ఉబ్బి పగిలింది. ఇంకాస్త ఆగితే ఆకు కట్టలు అంటుకునేవి. నాకు మాత్రం ఒకటే తోచింది: కార్డు కాలిపోయింది, తాత గొంతు రెండోసారి పోయింది, ఈసారి నా చేతులమీదుగా.

నాయనమ్మ వచ్చింది. నేను చెప్పడం పూర్తికాకముందే కొంగు ముడి విప్పి కార్డు చూపించింది.

"నీ చేతికి ఇస్తున్న గదా అని ముందుగాల్నే తీసి పెట్టుకున్న. నిన్ను నేను ఎరుగనా?"

అంటే స్పీకర్‌లో కార్డే లేదు. ఉన్నా, ఆ కార్డులో భజనలే తప్ప ఆ కేక లేదు.

రిపేరు దుకాణం అన్నకు చూపిస్తే, ఛార్జర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి ఫాస్ట్ ఛార్జరైతే వస్తువు ఎంత అడిగితే అంతే ఇస్తది. ఇది అడగకుంటనే ఇచ్చింది. పైకెల్లి నువ్వు చద్దర్ కప్పినవ్."

చద్దర్ కాదు, టవల్ అన్నాను. రెండూ నేసే సోలాపూర్‌లో ఆ తేడా ముఖ్యం. కేక సంగతి కూడా చెప్పాను.

"అది వారంటీల రాదు, తమ్మీ."

ఇప్పుడు కొత్త స్పీకర్ ఉంది. దానికి సరిపడే మామూలు ఛార్జరే వాడతాం. ఏమీ కప్పకుండా బండ మీద పెడతాం, అదీ మనిషి ఎదుట ఉన్నప్పుడే. కార్డుకు మూడు నకళ్లు తీశాను.

ఆ కేక ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. పక్క కార్ఖానాది అనుకుందామంటే ఆ రోజు సుట్టీ. కల అనుకుందామంటే, లోపలి గదిలో టవల్ మాడుతున్న సంగతి కలకెలా తెలిసింది? నాయనమ్మ ఇవేవీ ఆలోచించలేదు. ఆకు కత్తిరిస్తూ ఒక్కటే అడిగింది.

"దగ్గుకుంట అన్నడా?"

తాత చివరి ఏడాదంతా దగ్గుతోనే గడిపాడు. లేదు, గొంతు శుభ్రంగా ఉందని చెప్పాను.

"అట్లయితే మంచిదే," అని ఇంకో ఆకు తీసుకుంది.