రుమాలు వేసిన సీటు

మా ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌లో అక్కర్లేకున్నా ప్రోగ్రాముల మొదట్లో చేర్చిన హెడర్ ఫైళ్లలో నలభై తీసేశాను. ఒక్కటి మిగిలింది. అది చనిపోయిన నా మిత్రుడు రాసింది. ఇప్పుడు దాన్ని ఏ ప్రోగ్రామూ వాడడం లేదు.

అది కూడా తీసేద్దామనుకుంటూ, కోడ్ కాగితాలతో రామచంద్రపురంలో రాజమండ్రి బస్సెక్కాను. ఒకావిడ పక్క సీటు మీద రుమాలు వేసి, "మావారొస్తారండి," అంది. నిలబడ్డాను.

బస్సు కదిలింది. "మీవారు వెనక బస్సులో వస్తార్లెండి, ఈయన్ని కూర్చోనివ్వండి," అని కండక్టరు నవ్వాడు.

ఆవిడ రుమాలు తీసి మడిచింది.

"కూర్చోండి. ఆయన పోయి ఏడాదైందండి. బస్సెక్కగానే చెయ్యి దానంతటదే వేసేస్తుంది, ఏంటో."

సగం సీటు వదిలి కూర్చున్నాను.

తర్వాత ఆ కోడ్‌ను చాలాసార్లు శుభ్రం చేశాను. తీసేయాల్సింది ఇప్పటికీ ఒకటి మిగిలే ఉంది.