అంటుకోవాలి, తుప్పు పట్టకూడదు

గుమ్మలక్ష్మీపురం సంతవీధిలోని పళ్ళ డాక్టరు గారు పోయిన సోమవారం సాలూరులో, కూతురి ఇంట్లో చనిపోయారు. గుండెపోటు. మందుల షాపతను ఫోన్ చేసి చెప్పాడు. వార్తలు రాసే పని మీద నేను చాలాకాలంగా ఆ వీధిలోనే మేడ గదిలో అద్దెకుంటున్నాను. కింద గదిలో డాక్టరు గారి ఆసుపత్రి.

టీ నిలబడే తాగేవారు. నా వార్తలో తప్పు దొరికితే పెన్సిల్‌తో గీత గీసి, పేపరు మెట్ల మీద పెట్టి వెళ్ళేవారు. ఆ గీతల్లో ఎక్కువ భాగం విశేషణాల కింద ఉండేవి.

ఆయన గురించి చెప్పాలంటే కొండ మీది ఊళ్ళో ఉండే మామ్మ గురించి చెప్పాలి. ఆ ఊరి చింతపండుకీ కొండచీపుర్లకీ షావుకార్లతో బేరం ఆడేది ఆవిడే. కింది దవడలో రెండు పళ్ళే మిగిలాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే, గట్టిగా అరిచినప్పుడల్లా ఊడి వచ్చేవి. ఒక సంతలో ఏకంగా కాటా మీద పడ్డాయి.

"మామ్మా, ఇయ్యి కూడా తూకమెయ్యమంటావేటి?" అన్నాడు షావుకారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆవిడ సంతకొచ్చినా నోరు విప్పలేదు. ఊరివాళ్ళు షావుకారు చెప్పిన ధరకే ఇచ్చేసి కొండెక్కారు.

డాక్టరు గారు ఆ రెండు పళ్ళూ కోసి, వేర్లు మాత్రం ఉంచి, వాటి మీద ఉక్కు బిళ్ళలు అతికించారు. వాటికి ఎదురుగా కట్టుడు పళ్ళ అడుగున చిన్న అయస్కాంతాలు పెట్టారు. నాకు ఇలా వివరించారు: "మామూలు స్టీలు గ్లాసుకు అయస్కాంతం అంటుకోదు. ఇది అంటుకునే రకం స్టీలు. అంటుకోవాలి, తుప్పు పట్టకూడదు. అయస్కాంతం మాత్రం ఉమ్మి తగిలితే ఇట్టే తుప్పు పడుతుంది. అందుకే దాని మీద కూడా ఇదే స్టీలుతో పల్చటి తొడుగు."

ఏడాది తిరక్కుండానే ఒక అయస్కాంతం పట్టు వదిలేసింది. నోరంతా ఇనుప రుచి అంది మామ్మ. తొడుగుకు చిల్లు పడింది, చుట్టూ నల్లటి తుప్పు. సరుకు పంపిన ఏజెంటు, "పొగాకు నమిలి ఉంటుంది సార్, కొత్తది వేసేయండి" అన్నాడు. డాక్టరు గారు వెయ్యలేదు.

"కారణం తెలీకుండా అదే పెడితే మళ్ళీ ఇదే అవుతుంది మామ్మా."

"పై వారం సంతకి చింతపండు దిగుతాది బాబూ. నోరు లేకుండా నానేటి సేత్తాను?"

"అప్పటికి ఇస్తాను."

"ఇత్తావా, ఉంచేసుకుంతావా?"

"నా నోట్లో పట్టవులే."

మర్నాడు ఆ పళ్ళు తీసుకుని ఆవిడ ఊరికి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. రోజూ ఎలా కడుగుతావో చూపించమన్నారు. మామ్మ ఇత్తడి బిందె పక్కన చతికిలబడి, చింతపండూ బూడిదా పీచుకు పట్టించి, స్టీలు మెరిసేదాకా రుద్దింది.

"బిందె కన్నా బాగా తోముతాను బాబూ. నోట్లోకెల్లేది గదేటి!"

డాక్టరు గారు ఆ పీచు చేతిలోకి తీసుకుని చూశారు. "తప్పు నాదే మామ్మా. ఈ రాపిడికే తొడుగు అరిగి చిల్లు పడింది. ఎలా కడగాలో నేను చెప్పలేదు. ఎలా కడుగుతున్నావో అడగనూ లేదు."

కొత్త అయస్కాంతం వేశారు. మెత్తటి బ్రష్షూ సబ్బూ ఇచ్చారు. అలాంటి పళ్ళు పెట్టిన మిగతావాళ్ళనీ కబురు పెట్టి పిలిపించి, ఒక్కొక్కరి చేతా తన ముందే కడిగించారు. "తుప్పు పట్టనిదంటూ లేదు, నెమ్మదిగా పట్టేదే ఉంటుంది. కాబట్టి చూసుకుంటూ ఉండాలి," అనేవారు.

ఆ పై వారం సంతలో మామ్మ గొంతు వీధి చివరికి వినిపించింది. షావుకారు మళ్ళీ తూకం వెయ్యాల్సి వచ్చింది. డాక్టరు గారు లోపల ఎవరి పన్నో తీస్తున్నారు. "బాగానే పట్టాయి. ఆ కిటికీ వెయ్యండి," అన్నారు నాతో.

మొన్న సంతరోజున ఆయన గది షట్టరు దించి ఉంది. మామ్మ దాని ముందు నిలబడింది.

"ఇంకెవలికి సూపించాలి బాబూ?"

పార్వతీపురంలో ఒక డాక్టరున్నారని చెప్పాను. అంత దూరం నానెల్లలేను అంది. తర్వాత ఎండలోకి జరిగి, పళ్ళు తీసి, స్టీలు తొడుగుల్ని వెలుగుకేసి తిప్పి, నల్లచుక్క ఏదైనా ఉందేమోనని ఒక్కొక్కటే చూసుకుంది. కొంగుతో తుడిచి నోట్లో పెట్టుకుంది. టక్‌మంది. చింతపండు గంప నెత్తికెత్తుకుని కాటా వైపు నడిచింది.