కొలత పెట్టె కింద సానుపు

మా ఆవిడకు ఉబ్బసం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. మెట్రో ఎక్కిందంటే ఆమెకు ఏ బాధా లేదు. బాధల్లా మెట్రో దాకా చేరడమే. బడంగ్‌పేట్ దాటాక ఉన్న మా కాలనీ నుంచి ఎల్బీనగర్ స్టేషన్‌కు బస్సు లేదు. ఉన్నవి డీజిల్ సెవెన్ సీటర్ ఆటోలు, వెనక కూర్చున్నవాళ్ల ముక్కులోకే నేరుగా పొగ కొడతాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఇన్‌హేలర్ పిడికిట్లో పట్టుకుని ఆమె బడికి వెళ్లి వచ్చేది. కొత్తపేటలో ఛాతీ డాక్టరు మందులు మార్చీ మార్చీ విసిగిపోయి, ఆ పొగన్నా మానండి, ఉద్యోగమన్నా మానండి అని తేల్చేశాడు. కారు కొనుక్కోమని సలహా కూడా పారేశాడు. అందరూ అలా కొనుక్కోబట్టే కదా రోడ్డు ఇలా తగలడిందని నోటి దాకా వచ్చి ఆగింది.

బస్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. అర్జీ ఇస్తే తీసుకున్నారు. మళ్లీ ఇస్తే మళ్లీ తీసుకున్నారు. చివరికి ఒక అధికారి దయతలచి అసలు సంగతి చెప్పాడు. పొగ రాని బ్యాటరీ బస్సులు కొన్ని వస్తున్నాయట. గాలి ఎక్కడ ఎక్కువ పాడైందో కొలిచి, ముందు అక్కడ వేస్తారట.

“మీ పరేషాన్ నాకు సమజైతది సార్. కానీ పరేషాన్ కంప్యూటర్ల ఎక్కదు. రీడింగ్ ఎక్కుతది,” అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మా కాలనీ మూలమీద గాలి పాడైందని నిరూపించడం కూడా ఒక పనేనా? ఆటోల అడ్డా అక్కడే, చెత్త తగలబెట్టేదీ అక్కడే, తవ్వి పూడ్చకుండా వదిలేసిన రోడ్డూ అక్కడే. మా మురికి ఇన్నాళ్లకు మాకే పనికొస్తోందని సంబరపడ్డాను. కొలిచే పెట్టెను ఒక వారం మూలమీది స్తంభానికి బిగిస్తామన్నారు. దాన్ని ఎవరూ పీకెయ్యకుండా ఉండాలని కాలనీ వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టాను.

పెట్టె బిగించిన మర్నాడు పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, అడ్డా ఖాళీ. ఆటోలన్నిటినీ వెనక వీధికి తరిమేశారు. చెత్తకుప్ప మాయం. ట్యాంకర్ తెప్పించి రోడ్డంతా తడిపేశారు. ఏళ్ల తరబడి మొత్తుకున్నా లేవని చీపుళ్లు ఒక్క పూటలో లేచాయి. కాలనీ సంఘం అధ్యక్షుడు నడుం మీద చేతులు పెట్టుకుని పని చేయిస్తున్నాడు. ఆయనది గోదావరి వైపు, ఇక్కడ ప్లాట్ల వ్యాపారం, మర్యాదకేమీ లోటు లేని మనిషి. గాలి పాడుగా ఉందని తేలితేనే బస్సు వస్తుందని మొదటినుంచీ విడమరిచి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

“మీరన్నది నిజమేనండి. కానీ మన గాలి మంచిది కాదని గవర్నమెంటు రికార్డుకెక్కితే, రేపు ఇక్కడ గజం ఎవరు కొంటారండి?”

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బస్సు వస్తే గజం ధర పెరుగుతుందని కూడా చెప్పి చూశాను. బస్సు ఎలాగూ వస్తుంది, ముందు పరువు సంగతి చూసుకోవాలన్నాడు. వెనక్కి తిరగబోతూ స్తంభం కిందికి చూశాను. అక్కడ ఎవరో శుభ్రంగా ఊడ్చి, సానుపు చల్లి, పెళ్లివారు దిగబోతున్నట్టు ఇంత పెద్ద చుక్కల ముగ్గు వేశారు. ఆ ముగ్గు నాకు బాగా తెలుసు. రోజూ మా వాకిట్లో ఉండేదే.

ఇంటికెళ్లి గొంతు పెంచాను. నేను ఇంత తిరుగుడు ఎవరి కోసం తిరిగినట్టు అన్నాను. నీళ్లు చల్లితే దుమ్ము లేవదని లెక్కల పంతులమ్మకు తెలియదా అన్నాను. ఆమె బడికి తయారవుతూ ఆగింది.

“తెల్సు. కానీ గవర్నమెంటోళ్లు ఒస్తున్నరంటే గా మూలను గట్లనే గలీజుగ ఎట్ల ఉంచుత? చూసేటోళ్లు ఏమనుకుంటరు?”

అంత చెప్పేసరికే దగ్గు తెర వచ్చింది. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్‌హేలర్ అందించి బయటికి వచ్చేశాను.

వారం తిరిగేసరికి పెట్టె తీసుకెళ్లారు. మా మూలమీద గాలి ‘సంతృప్తికరం’ అని తేలింది. బస్సు వేరే దారిన పోయింది. ఇంకోసారి కొలవమని బతిమాలితే, మళ్లీ మీ వంతు రావాలి కదా అన్నాడు ఆ అధికారి. ఆటోలు మాత్రం ఏ వంతుకూ ఆగకుండా మర్నాడే పాత అడ్డాకు వచ్చేశాయి. చెత్త మంటా మళ్లీ మొదలైంది.

అధ్యక్షుడి ఉత్సాహం అక్కడితో ఆగలేదు. ‘స్వచ్ఛమైన గాలి గల మా కాలనీకి స్వాగతం’ అని ఫ్లెక్సీ వేయిస్తానని ఒక ఉదయం మూలమీద ఉన్నవాళ్లందరినీ ఫోటోకి నిలబెట్టాడు. మా ఆవిడ ఆటో కోసం అక్కడే ఉంది. పంతులమ్మ కదా అని ముందు వరసలోకి పిలిచాడు.

“మేడమ్‌గారూ, ఒక్క నిమిషం ఆ కొంగు తీయండి. ఫోటోలో బాగోదు.”

ఆమె తీసింది. నవ్వింది కూడా.

ఆ ఏడాది పరీక్షలు కాగానే ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఆమె మందులకు కొత్తపేట వెళ్లాలంటే ఆ స్తంభం దగ్గర ఆటో కోసం నేను నిలబడుతున్నాను. దానికి కట్టిన ఫ్లెక్సీ అంచులు పొగకు నల్లబడ్డాయి. అందులో మా ఆవిడ బడి సంచి భుజాన వేసుకుని, ముక్కుకు కొంగు లేకుండా నవ్వుతూ ఉంటుంది.