మంచె కింద పలకరించినవాడు

నమ్మకపోతే ఇప్పుడే లేచి పోయి పడుకోండి, నాకేం కోపం లేదు. కానీ మధ్యలో మాత్రం నవ్వకండి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకు జరిగింది. మామూలుగా అయితే మా అక్క మీద ఒట్టు అనేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో అక్క మీద ఒట్టు పెట్టడానికి నోరు రావడం లేదు. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

కోయంబత్తూరు పీలమేడులో నాకు లేత్ వర్క్‌షాప్ ఉందని తెలుసుగా. ఆదివారం వస్తే ఇనుము వదిలేసి అడవి పట్టుకుంటాను. మా తాత విల్లు పట్టుకుని దుప్పుల వెంట తిరిగినవాడు. ఇప్పుడు విల్లెత్తితే కేసే. అందుకే నేను కెమెరా పట్టాను. చేతిలో వస్తువు మారింది గానీ పని అదే. గిట్టల గుర్తులు చదవాలి. పెంటికలు ఎప్పటివో చూడాలి. చిటికెడు బూడిద వదిలి గాలి ఎటు వీస్తోందో పట్టాలి. ఇదంతా తాత నేర్పిన విద్య. ఇందులో నన్ను మించినవాడు లేడని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

జయరామ్ బావ అంటే మా అక్క భర్త. మిల్లు ఉద్యోగం అయిపోయాక ఆయనకు ఇంట్లో కాలు నిలవలేదు. వాడిపట్టి దాటి, కొండ కింద ఒక పాత మామిడితోట అమ్మకానికి వచ్చింది. అక్కడ నాలుగు గదులు కట్టి, అడవి జంతువుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇస్తానన్నాడు. అయితే ముందు ఆ తోటలోకి పెద్ద కడమాను వస్తుందో లేదో తేలాలి. కడమాను అంటే సాంబర్ దుప్పి, మా వైపు అలాగే అంటారు. ఒక రాత్రి కూర్చుని నేను చూసి చెప్పాలి. నా మాట మీదే కొంటాడట.

బయలుదేరేటప్పుడు అక్క నన్ను పక్కకు పిలిచింది.

"మోహనా, మీ బావకు పొద్దు పోతే కన్ను ఆనదురా. ఒక్కణ్ణీ యాడికీ పంపద్దు. పత్తిరంగా పిలుచుకొని పొయ్యి, ఏ దెబ్బా తగలకుండా పత్తిరంగా పిలుచుకొని రా."

"ఆమా అక్కా, సరే, నేనుండా కదా" అన్నాను.

మధ్యాహ్నం తోటంతా తిరిగాం. అబ్బ... ఏం తోట అది! చూస్తుంటేనే ఒళ్ళు పులకరించింది. వాగు పక్క బురదలో నా అరచేయంత గిట్టల గుర్తులు. ఒక మద్ది చెట్టుకు నా ఛాతీ ఎత్తున బెరడు గీరుకుపోయి ఉంది. అంత ఎత్తున కొమ్ములు రుద్దాలంటే అది పడుచు దుప్పి కాదు. బాగా ముదిరినది. పెంటికలు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఏమిరా మచ్చా, వచ్చునా?" అని బావ పదిసార్లు అడిగాడు. బావమరిదినని నన్ను మచ్చా అనే పిలుస్తాడు. వస్తుందన్నాను. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

ఒక్కటే నాకు నచ్చలేదు. తోట నడుమ ఒక పాత బావి. దానికి గట్టు లేదు. చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగి, నేలకు సమానంగా నోరు తెరుచుకుని ఉంది. రాయి వేశాను. చాలాసేపటికి గానీ చప్పుడు రాలేదు. బావ చేయి పట్టుకుని ఆ చోటు రెండుసార్లు చూపించాను. బావికి ఒక పక్క మోటారు రూము, ఇంకో పక్క కాస్త ఎడంగా, చెట్టు మీద కట్టుకున్న నా మంచె. బావ మోటారు రూములో నులక మంచం మీద ఉండాలి, నేను మంచె ఎక్కాలి. టార్చి వేయకూడదు. ఫోను మోగకూడదు. తెల్లారిందాకా ఎవరి చోట వాళ్ళు ఉండాలి. అది మాట.

"కడమాను వచ్చిందంటే నాకూ చూపించరా" అన్నాడు బావ.

"నీ కన్నుకు ఏమి తెలుస్తది బావా? ఫోటోలో చూద్దువు, పండుకో" అని నవ్వుతూనే తలుపు దగ్గరికి వేశాను.

చీకటి పడింది. సన్నటి వెన్నెల. గాలి కొండ నుంచి నా ముఖం మీదికి వస్తోంది, మంచిదే. కీచురాళ్ళు చెవులు హోరెత్తిస్తున్నాయి. తొమ్మిది... పది... పదకొండు. నడుం పట్టేసింది. దుప్పి జాడ లేదు. ఎందుకో తెలీదు, మనసు ఒకచోట నిలవడం లేదు. ఊరికే మోటారు రూము వైపు చూడ్డం, మళ్ళీ వాగు వైపు చూడ్డం. కూర్చోలేను, దిగలేను.

అప్పుడు కీచురాళ్ళు ఆగిపోయాయి.

ఒక్కసారిగా... అన్నీ.

దుప్పి వస్తోందనుకుని ఊపిరి బిగబట్టాను. వాగు వైపే చూస్తున్నాను. అప్పుడు సరిగ్గా నా కాళ్ళ కిందనుంచి...

"ఎవురయ్యా మంచె మింద?"

ముసలి గొంతు. మెల్లగా, మర్యాదగా. తెలుగులో.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది! మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదా? బయట అంతా తమిళమే. బస్సులో వెనక సీట్లో ఎవరో తెలుగులో ఫోను మాట్లాడితే చాలు, మెడ తిప్పి "మీరూ మనవాళ్ళేనా?" అంటాం. ఆ తర్వాత ఊరు, ఇంటిపేరు, ఎవరి పిల్లను ఎవరికిచ్చారు... దిగే స్టాపు వచ్చేలోగా సంసారం మొత్తం పరిచేస్తాం. తెలుగు మాట్లాడినవాడు పరాయివాడు కాడు. అంతే, ఇంకేం అడగం. మా నాన్న అలాగే చేసేవాడు, నేనూ అలాగే చేస్తాను.

"మనవాండ్లేనా పెద్దాయనా? నేను కోయంబత్తూరు నుంచి వచ్చినా" అన్నాను కిందికి వంగి. కొమ్మల నీడలో మనిషి కనబడలేదు.

"ఇంటిపేరేంది?"

చెప్పాను.

"ఓహో" అన్నాడు. ఎరిగినవాడిలా అన్నాడు. "తోడెవురు?"

"మా బావ. మా అక్క మొగుడు. పేరు జయరామ్. మోటారు రూములో పండుకొని ఉండాడు."

"ఆయన రాలేదే మంచెకు?"

"ఆయనకు రాత్రిపూట కన్ను ఆనదు పెద్దాయనా. యాడ పడిపోతాడో అని ఆడే ఉండమన్నా."

చెప్పేశాను. నా నోటితో నేనే చెప్పేశాను. అడిగినదానికి జవాబిచ్చినట్టే ఉంది నాకు.

"అట్లనా..." అన్నాడు ఆయన.

అంతే. ఇంక మాట లేదు. మీది ఏ ఊరు అని అడిగాను. ఎవరూ పలకలేదు. కీచురాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

అప్పుడు... అప్పుడు తట్టింది నాకు. మామిడితోట అది. నేలంతా ఎండుటాకులు, చీలమండ మునిగేంత. ఉడత నడిచినా గరగరమని వినబడుతుంది. సాయంత్రం నుంచి ఆ చప్పుడే కదా నేను వింటున్నది! ఈ మనిషి వచ్చినప్పుడు ఆకు కదల్లేదు. పోయినప్పుడూ కదల్లేదు.

కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో తెలీదు. కునుకు పట్టిందా అంటే... పట్టలేదనే అనుకుంటున్నాను.

ఆకుల చప్పుడుకు కళ్ళు తెరిచాను.

గర... గర... ఆగింది.

గర... గర...

నాలుగు కాళ్ళది కాదు. చెప్పుల కాళ్ళు. మోటారు రూము వైపు నుంచి. ఆ చెప్పులు నాకు తెలుసు... ఎడమ కాలు కొంచెం ఈడ్చే నడక. బావది.

"వస్తాండా... వస్తాండా మచ్చా..." అంటున్నాడు గుసగుసగా. నవ్వుతున్నాడు కూడా. చేతులు రెండూ ముందుకు చాచి, గాలిని తడుముకుంటూ నడుస్తున్నాడు.

నా వైపు కాదు. బావి వైపు.

అరుద్దామంటే గొంతు రాలేదు. ఒట్టు, రాలేదు. బావికి ఇంకో నాలుగడుగులు. మూడు. గడ్డి ఆయన మోకాళ్ళకు తగిలింది... టార్చి దొరకలేదు... దొరికింది...

"బావా! నిలూ!"

టార్చి వెలుగులో ఆయన అలాగే నిలబడిపోయాడు. నేను మంచె మీదనుంచి దూకేశాను. మోకాలు పగిలినట్టు కూడా తెలీలేదు. వెళ్ళి రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం ఆకుల్లో పడ్డాం. బావ చెప్పు ఒకటి జారి లోపలికి పోయింది. కిందినుంచి చప్పుడు వచ్చిందాకా నేను ఆయన్ని వదల్లేదు.

"ఏంటికి లేసినావు బావా? ఎవురు లెయ్యమన్నారు నిన్ను?" అని అరిచాను. నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన నన్ను వింతగా చూశాడు. చూశాడంటే... గొంతు వినబడిన దిక్కుకు ముఖం తిప్పాడు.

"నువ్వే కదరా పిలిస్తివి? 'బావా, కడమాను వచ్చె, మెల్లగా దా, నా గొంతు పట్టుకొనే దా' అంటివే. మూడుసార్లు పిలిస్తివి."

"నేను మంచె మింద ఉండా బావా."

"లేదు" అన్నాడు. చేయి చాచి బావికి అవతలి అంచు చూపించాడు. "ఆడ ఉంటివి."

తెల్లారిందాకా మోటారు రూములో, లోపల గడియ పెట్టుకుని, ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. వెలుగు వచ్చాక వెళ్ళి చూశాను. బావి అవతల మనిషి అడుగుల్లేవు. గిట్టల గుర్తులున్నాయి. పెద్దవి, కొత్తవి. కొండ నుంచి దిగి వచ్చి, బావి అంచున చాలాసేపు ఒకచోటే నిలబడినట్టు లోతుగా దిగి ఉన్నాయి. తిరిగి వెళ్ళిన గుర్తులు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నా కన్నే తప్పిందేమో. ఆ భయంలో ఏం చదవగలను?

కొండ అవతల రెండు మూడు నాయకర్ల ఇళ్ళున్నాయని రోడ్డు మీది టీకొట్టు ఆయన చెప్పాడు. వాళ్ళూ మనవాళ్ళే, ఇంట్లో తెలుగే. వెళ్ళి అడుగుదామా అన్నాను. రాత్రి ఇటు వచ్చింది ఆ ఇళ్ళ పెద్దాయనే అయితే గొడవే లేదు కదా.

"కాదంటే?" అన్నాడు బావ.

కారు ఎక్కాం.

దారిలో అడిగాడు, "సరి, చెప్పు. కడమాను వచ్చునా ఆ తోటకు?"

"రాదు బావా. పాత గుర్తులు. ఇప్పుడు రావడం లేదు. వద్దు" అన్నాను. జాడల విషయంలో నేను అబద్ధం చెప్పింది అదొక్కసారే. ఆయన నా ముఖం వైపు చూసి, సరి వద్దు అన్నాడు.

అక్కకు చెప్పు పోయిందని మాత్రమే తెలుసు. నేను ఎవరికో ఏదో చెప్పానని తెలీదు. బావకూ తెలీదు. ఆయన కన్ను సంగతి నేను కాక ఇంకెవరు చెప్పారు దానికి? లేదూ... నిద్రలో నేనే పిలిచానా? చూపించమని ఆయన అంత అడిగాడు కదా, ఆ మాటే మనసులో తిరిగి పలికానా? రాత్రిళ్ళు ఇదే ఆలోచన. ఎటు తిప్పినా తప్పు నాదే అవుతుంది.

పోయిన వారం మా ఊళ్ళోనే, ఆర్.ఎస్. పురంలో బట్టల కొట్టు ముందు బావ నిలబడి ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. ఎండలో ఆయనకు అన్నీ కనబడతాయి. నేను వెనకనుంచి పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. వినబడింది, భుజాలు బిగుసుకున్నాయి, అయినా తిరగలేదు. నేను చుట్టూ నడిచి ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాను.

నన్ను నిదానంగా, తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. అప్పుడు నవ్వాడు.

"ఓ... నువ్వేనా మచ్చా" అన్నాడు.