బావి ఈత, ఫ్రెంచి సముద్రం

ఆ వేసవిలో నాకు పోయినవి ముందు చెబుతాను. పద్నాలుగు రోజుల ఎండ. ఫెర్రీలో కిటికీ పక్క సీటు. ద్రాక్షతోటల మధ్య రాతి ఇంట్లో ఒక మంచం. మా అమ్మాయి మొదటిసారి నీళ్లమీద తేలిన పొద్దు.

పోగొట్టింది నా లెక్కే. కోవెంట్రీలో ఒక గోడౌన్‌లో సరుకు లెక్కలు చూసేవాణ్ణి. కాలేజీలో చదివినవి కావు, సొంతంగా నేర్చుకున్నవి. దక్షిణ ఫ్రాన్స్ ప్రయాణానికి పెట్రోలు, టోల్, మైళ్లు అన్నీ నేనే లెక్కగట్టాను. మా ఆవిడకీ పాపకీ బ్రిటిష్ పాస్‌పోర్టులు. నాది ఇంకా ఇండియాదే, వీసా కావాలి. తిరిగొచ్చే రోజు నుంచి మూడు నెలలు పాస్‌పోర్టుకు గడువుండాలి. నేను బయల్దేరే రోజు నుంచి లెక్కేశాను. వీసా కౌంటరులో అమ్మాయి క్యాలెండరు మీద వేలు పెట్టి చూపించింది. నాలుగు రోజులు తక్కువ. కొత్త పాస్‌పోర్టు వచ్చేసరికి ఆగస్టు అయిపోతుంది.

మాతో రావాల్సింది ఎదురింటి కడపాయన, ఆయన భార్య. "దిగులు పడొద్దున్నా, పాపను నేను జూసుకుంటా గదా. నువ్వు రాలేదని ఫ్రాన్సేం మూసెయ్యరులే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మావాళ్లిద్దరూ ఆయన కారెక్కారు.

నాది చీరాల. రాత్రిళ్లు అలలు వినపడే ఇల్లు. పాపకు ఈత నేర్పితే వెచ్చటి సముద్రంలోనే, నా చేతులతోనే నేర్పాలని తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆపాను. ఆ కడపాయన ఈత నేర్చుకున్నది బావిలో, వీపుకు మునగబెండ్లు కట్టుకుని.

ఐదోరోజు ఫోన్ వచ్చింది. "ఏమండీ, ఎండ అచ్చం మన ఊరి ఎండే! టమాటాలకు కూడా పులుపుంది. అన్నయ్యగారు చారు పెట్టారు" అంది మా ఆవిడ. ఇక్కడ వాన. ఇంతలో పాప ఫోన్ లాక్కుంది.

"డాడీ, ఐ ఫ్లోటెడ్! సెవెన్టీన్ సెకండ్స్! అంకుల్ కౌంటెడ్!"

లెక్కపెట్టింది కూడా ఆయనే.

"వెరీ గుడ్" అని పెట్టేశాను. ఆయన వాచీ సరిగ్గా నడుస్తుందా అని కూడా అనుమానపడ్డాను.

నల్లబడి, మెరుస్తూ తిరిగొచ్చారు. ఆయన నాకోసం ఆలివ్ నూనె సీసా తెచ్చాడు. నేను దాని మూత కూడా తీయలేదు.

సెప్టెంబరులో పాప శనివారం ఈత క్లాసులో చేరింది. తీసుకెళ్లేది నేనే. కారు దిగేముందు ప్రతిసారీ అడిగేది, "ఆర్ యూ కమింగ్ ఇన్ టు వాచ్?"

"ఆఫీసు పనుందమ్మా, కార్లోనే చూసుకుంటా" అనేవాణ్ణి. ఏ పనీ లేదు. లోపలికెళ్తే, తన వీపు కింద ఆ కడపాయన చేతులే కనిపిస్తాయని భయం.

పన్నెండో శనివారం తను అడగలేదు. టవల్ భుజాన వేసుకుని దిగిపోయింది. అద్దం దించి పిలిచాను. వినపడలేదో, విననట్టు వెళ్లిందో.

ఆ రోజు లోపలికెళ్లి గ్యాలరీలో కూర్చున్నాను. తను కొలను ఆ చివరి నుంచి ఈ చివరికి ఆపకుండా ఈదింది. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. ఆ తర్వాత నేను లోపలికెళ్లడం ఏ వారమూ మానలేదు. కానీ అవి తను అడగని వారాలు, జమకి రావు. అడిగినప్పుడు వెళ్లనివి పదకొండు. ఆ పదకొండూ నేను తనకి ఇప్పటికీ బాకీ.