అత్తమ్మ పాటకు కొత్త సాఫ్ట్‌వేర్

మొన్న ఆదివారం నుంచి మా చర్చిలో ఎవరు ఎదురుపడ్డా వందనాలు చెప్పుడు మానేసి "బ్రదర్, ఏ సాఫ్ట్‌వేర్?" అని అడుగుతున్నరు. అడిగి నవ్వుతున్నరు! నవ్వరా మరి? నేను చేసిన పని అట్లాంటిది. కూర్చోండి, చాయ్ చల్లారేలోపు చెప్పేస్తా.

నాకు సారపాక పేపర్ మిల్లులో, స్టోర్స్‌లో నౌకరి. ఇంట్లో ముందు గది నా స్టూడియో. స్టూడియో అంటే ఏదో అనుకునేరు! ఒక మైకు, ఒక లాప్‌టాప్, గది మోగకుండ గోడకు రెండు పాత బొంతలు. చర్చి పాటలన్నీ నేనే రికార్డు చేస్తా. మా అత్తమ్మ రూతమ్మ క్వయర్‌లో మెయిన్ సింగర్. చర్చి వార్షికోత్సవానికి సండే స్కూల్ పిల్లల డ్యాన్స్ కోసం ఒక పాట పాడింది. ఒక్కటే టేక్! బంగారం లెక్క వచ్చింది. ఒకసారి వినండని ఆమె ఫోన్‌కు పంపిన.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెట్లయితా? యూట్యూబ్‌లో ఒకాయన చెప్పిండు, సాఫ్ట్‌వేర్ మారిస్తే సౌండే మారిపోతదట. పాతదాంట్లో సౌండ్ ప్లాస్టిక్, కొత్తదాంట్లో వార్మ్. అప్పటిదాకా బాగున్న పాట, ఆ వీడియో చూసినంక నాకు ప్లాస్టిక్ లెక్కనే వినపడ్డది! కొత్తది వేద్దామంటే లాప్‌టాప్‌లో జాగా లేదు. పాత సాఫ్ట్‌వేర్, దాంతోపాటు పాత రికార్డింగులు, మొత్తం డిలీట్ కొట్టిన.

గురువారం పొద్దున అత్తమ్మను మళ్ళీ పిలిచిన.

"మొన్నది మంచిగనే ఉన్నది గద అల్లుడా?"

"అది ప్లాస్టిక్ అత్తమ్మా. ఇప్పుడు చూడండి మీ గొంతు ఎట్లుంటదో!"

పాపం, పాడింది. ఇంకొకసారి, ఇంకొక్కటే అనుకుంట తొమ్మిది సార్లు పాడించిన. వినిపిస్తే మొహం అదోలా పెట్టింది.

"ఏంది అల్లుడా, నేను పక్కింట్ల కూసోని పాడినట్టున్నది?"

"దాన్నే డెప్త్ అంటరు అత్తమ్మా."

"మరి ఆ గరగర ఏంది?"

"అదే వార్మ్! సౌండ్ వెచ్చగ ఉన్నదన్నట్టు."

శనివారం పొద్దునకల్లా అత్తమ్మ గొంతు పూర్తిగ పోయింది. వేడినీళ్ళు, మిరియాలు, అడివి తేనె, ఏదీ పని చెయ్యలే. అన్నీ సైగలే. అయినా నాకేం భయం? పాట రెడీ గద!

అదే పూట మా బామ్మర్ది సామ్యేల్ అత్తమ్మను తోలుకొని మా ఇంటికి వచ్చిండు. మా మిల్లులోనే ల్యాబ్‌లో పేపర్ టెస్ట్ చేస్తడు. నా సాఫ్ట్‌వేర్ గొప్పలు వినీ వినీ విసిగిపోయిండు.

"బావా, మా ల్యాబ్‌ల శాంపిల్ మీద అది ఏ మెషిన్‌దో రాయం. రాస్తే చూసెటోని మనసంతా పేరు మీదనే ఉంటది. నువ్వు గూడ కండ్లు మూసుకో. పాతది, కొత్తది రెండూ పెడ్త. ఏది ఏదో చెప్పు."

"పాతది ఎక్కడిదిరా? డిలీట్ చేసిన గద!"

"అది నా తిప్పలు. నువ్వైతే మూసుకో."

తన స్పీకర్‌లో ఒకటి పెట్టిండు. రెండు లైన్లు వినంగనే చెయ్యి ఎత్తిన. "ఆపు! ఇదే పాతది. గరగర, దూరం దూరం... ఛీ, ప్లాస్టిక్!"

రెండోది పెట్టిండు. నిజంగ ఒళ్ళు పులకరించింది. అత్తమ్మ ఎదురుంగ కూసోని పాడినట్టే ఉన్నది. "గిది! గిది కొత్తది! చూసినవా, సాఫ్ట్‌వేర్ అంటే గిట్లుంటది!"

కండ్లు తెరిస్తే అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతోని ఊగిపోతున్నది. బామ్మర్ది చేతిలో ఆమె ఫోన్.

"మొదటిదే నీ కొత్తది బావా. రెండోది అమ్మ వాట్సాప్‌ల దొరికింది."

"అంటే సాఫ్ట్‌వేర్‌లో తేడా ఉన్నట్టే గద!" అని ఇంకా వాదించిన, సిగ్గు లేకుండ. వాడు లేచి మైకు మీద వేలితోని టకటక కొట్టిండు. స్క్రీన్ మీద సౌండ్ చూపించే గీత కదల్లేదు. లాప్‌టాప్ మీద కొట్టిండు. గీత ఎగిరిపడ్డది! కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఏ మైకు కావాల్నో మనమే సెలెక్ట్ చెయ్యాలె. నేను చెయ్యలే. ఆ తల్లి తొమ్మిది సార్లు మైకు ముందు నిలబడి పాడితే, అవతల బల్ల మీది లాప్‌టాప్ తన చిన్న మైకుతోని, ఫ్యాన్ చప్పుడుతో సహా రికార్డు చేసుకున్నది.

అప్పుడు పోయింది నా బడాయి. తెల్లారితే ఫంక్షన్. పిల్లలు రోజూ బడి నుంచి వచ్చి స్టెప్పులు నేర్చుకున్నరు. మళ్ళీ పాడిద్దామంటే అత్తమ్మకు గొంతు లేదు, పోగొట్టింది నేనే. అసలు ఫైలు లేదు, డిలీట్ చేసిందీ నేనే. అత్తమ్మ ఫోన్ పట్టుకుపోవుడు తప్ప వేరే దారి లేదు.

ఆదివారం ఆ ఫోన్‌కే వైరు తగిలించి చర్చి స్పీకర్లలో పెట్టినం. పిల్లలు ఇరగదీసిండ్రు! చప్పట్లే చప్పట్లు. పాస్టర్ గారు మైకు పట్టుకొని నా దిక్కు చూసిండ్రు.

"బ్రదర్, ఏం క్లారిటీ! ఏ సాఫ్ట్‌వేర్ వాడినవ్?"

అందరి తలకాయలు నా దిక్కు తిరిగినయ్. ఏదో ఒక ఇంగ్లీషు పేరు చెప్పి బయటపడుదామని గొంతు సవరించుకొని లేచిన. ముందురోజు నుంచి మాట పెగలని మా అత్తమ్మకు సరిగ్గ అప్పుడే గొంతు వచ్చింది. ఆడవాళ్ళ వరసలో నుంచి, చర్చి మొత్తం వినపడేటట్టు అన్నది:

"వాట్సాప్!"